పక్కా ఎరుపు

నాంపల్లి,
9 జనవరి 2025

వంశీధర్ గారికి,

నమస్కారం. మా ఇంటి నుంచి అబిడ్స్‌లోని మీ స్టూడియోకు నడిస్తే పావుగంట. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్ చేస్తే మూడుసార్లు "తర్వాత మాట్లాడదాం" అన్నారు. మాట్లాడినా రేపు అనలేదంటారు. కాగితం మీద ఉంటే అనలేరు. దీన్ని మూడో మనిషి చదవాల్సి రావచ్చు కాబట్టి మనిద్దరికీ తెలిసినవి కూడా రాస్తున్నాను.

2023 ఫిబ్రవరిలో, మీరు తీసిన నాంపల్లి స్టేషన్ కూలీల ఫోటోలు పదింటిని నేను గమ్ ప్రింట్లు చేశాను. తుమ్మ జిగురులో రంగు, డైక్రోమేటు అనే రసాయనం కలిపి కాగితానికి పూస్తాం. దాని మీద నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచుతాం. ఎండ తగిలిన చోట రంగు కాగితాన్ని పట్టుకుంటుంది. తగలని చోట నీళ్లలో కొట్టుకుపోతుంది. ఒక్కో ఫోటోకు మూడు పూతలు: పసుపు, నీలం, ఎరుపు. అలా మూడు సెట్లు చేశాం. ఒకటి బెంగళూరులోని ఒక కళల ట్రస్టు కొన్నది. ఒకటి మీ దగ్గర ఉంది. మూడోది స్టేషన్‌లో కూలీలు కూర్చునే గదిలో గోడకు పెట్టుకోమని వాళ్లకే ఇచ్చాం. అందులో ఏడో ఫోటో మా నాన్న బాలమల్లుది.

మొన్న ఆదివారం నాన్నతో ఆ గదికి వెళ్లాను. పది అంగీల్లో ఒక్కటీ ఎర్రగా లేదు. పసుపు ఉంది, నీలం ఉంది, ఎరుపు ఒక్కటే పోయింది. అంగీలు పప్పు రంగుకు వచ్చాయి. ముఖాలు ఆకుపచ్చగా తేలాయి. నాన్నతో ముప్పై ఏళ్లు పనిచేసిన అంజన్ అక్కడే టీ తాగుతున్నాడు.

"ఏంది బాలమల్లన్నా, గోడ మీద నీకు కామెర్లు లేశినయి? అంగీ మీద పప్పు గిట్ల ఒలకబోసుకున్నవా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. బయటికొచ్చి ఆటో ఎక్కాక అడిగాడు: "బిడ్డా, గా ఫోటో నువ్వే చేసినవా?"

బుధవారం ట్రస్టులో చిత్రాలు చూసుకునే కమలకుమారి గారు ఫోన్ చేశారు. వాళ్ల సెట్టు కూడా ఇలాగే అయింది. "మీరు సరిగా కడగలేదట కదా, వంశీధర్ గారు రాశారు. ఇక మీచేత చేయించలేం" అన్నారు.

ఆ ఎరుపు తెచ్చింది మీరు. అంతకు ముందు తొమ్మిదేళ్లు మనం క్వినాక్రిడోన్ అనే ఎరుపు రంగు ట్యూబు వాడాం. ఆ నెల ట్యూబు అయిపోయిందన్నారు. కాగితం పొట్లంలో పొడి తెచ్చారు. అదేమిటి? ఎక్కడ కొన్నారు? ట్రస్టుకు నా గురించి ఏం రాశారు? మీ చేత్తో రాసి పంపండి.

జమున


అబిడ్స్,
17-1-2025

జమున గారికి,

"గారు" అని మీరు మొదలుపెట్టారు కనుక నేనూ పాటిస్తున్నాను. పదకొండేళ్లు "వంశన్నా" అని పిలిచిన మనిషి దగ్గర నుంచి పోలీసు స్టేషన్ కాగితం లాంటి ఉత్తరం వస్తుందని అనుకోలేదు. పోస్టుమాన్ ఇస్తుంటే అమ్మ చూసి, "జమున శుభలేఖ ఏమైనా పంపిందా?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

అడిగారు కనుక చెబుతున్నాను. పొడి బేగం బజార్‌లో కొన్నాను. ఊరికే కొనలేదు. పక్కా రంగేనా అని రెండుసార్లు అడిగాను. పక్కా అన్నాడు. తడిగుడ్డతో రుద్ది చూపించాడు. గుడ్డకు అంటలేదు. ఇంతకంటే ఎవరైనా ఏం చూస్తారు?

ఇక మీ వైపు సంగతులు. ఆ ఫిబ్రవరిలో మీకు నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయని మీరే చెప్పారు. గంట కడగాల్సిన ప్రింటును ఎంతసేపు కడిగారో మీకే తెలియాలి. డైక్రోమేటు కాగితంలో మిగిలితే ఏ రంగైనా చెడుతుంది. స్టేషన్ గదిలో కిటికీకి ఎదురుగా, అద్దం కూడా లేకుండా పెట్టారు. నా సెట్టు బీరువాలో ఉంది, బాగానే ఉంది.

ట్రస్టుకు నేను మీ పేరు రాయలేదు. "ప్రింటింగ్ దశలో లోపం కావచ్చు" అని మాత్రమే రాశాను. వాళ్లు ఎలా అర్థం చేసుకున్నారన్నది నా చేతిలో లేదు.

వంశీధర్


నాంపల్లి,
30 జనవరి 2025

వంశీధర్ గారికి,

ఆ ప్రింట్లు చేసింది మనం ఇద్దరమే. ఫోటో తీసినవాడు "ప్రింటింగ్ దశ" అని రాస్తే అది ఎవరి పేరో కమలకుమారి గారు ఒక్క నిమిషంలో అర్థం చేసుకున్నారు. మీరూ అందుకే అలా రాశారు.

మంగళవారం మిగిలిన పొట్లం పట్టుకుని బేగం బజార్ వెళ్లాను. పొట్లం మీద ముద్ర ఉంది, షాపు దొరికింది. మేం మాట్లాడుకున్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"గీ పొడి మీదేనా సేట్?"

"ఔ, మాదే. బట్టల రంగు. మస్తు పోతది."

"పక్కా అని చెప్పిన్రట."

"పక్కానే! వందసార్లు ఉతుకు. నీళ్లల్ల దిగితే నన్నడుగు."

"మరి ఎండల?"

"గది నన్నెవరడిగిన్రమ్మా? పక్కా అంటే ఉతుకుడు సంగతి. అంగీని ఎండల ఆరేస్తరు, సాయంత్రం తీస్తరు. రెండేండ్లు ఎవలన్న దండెం మీదనే ఇడిసిపెడ్తరా?"

మిమ్మల్ని గుర్తుపట్టాడు. "కండ్లద్దాల సారు గద? జర పరేషాన్ మనిషి. నీళ్లల్ల దిగదు గద, నీళ్లల్ల దిగదు గద అని నా జాన్ తిన్నడు" అన్నాడు.

మీరు రెండుసార్లు అడిగిన మాట నిజమే. రెండుసార్లూ నీళ్ల గురించే అడిగారు. ఇది మన పనిలో ఉన్నవాళ్లు మాత్రమే చేసే తప్పు. ప్రింటు పాడయ్యేది నీళ్లలోనే కాబట్టి రంగు కొనేటప్పుడు మన భయమంతా నీళ్ల మీదే ఉంటుంది. ఎండ మన పని చేసి పెడుతుంది కాబట్టి దాన్ని అనుమానించం. ఆ షాపులో నేనున్నా అదే అడిగేదాన్నేమో. పొడి ఎంచడంలో జరిగింది పొరపాటే అంటే ఒప్పుకుంటాను. దాన్ని నా మీద వేయడం పొరపాటు కాదు.

కడగడం గురించి మీరన్నది కూడా పరీక్షిద్దాం. దీనితో రెండు పట్టీలు పంపుతున్నాను. ఒక్కో పట్టీ మీద నాలుగు ఎరుపులు ప్రింట్ చేశాను. మొదటిది నా పళ్లెంలో ఎండిపోయి ఉన్న పాత ట్యూబు రంగు. రెండోది మీ పొట్లం పొడి. మూడోది జాజు, అంటే గోడలకు అలికే ఎర్రమన్నే. నాలుగోది అలిజరిన్ అనే ముదురు ఎరుపు. ఒక పట్టీని గంట కడిగాను, ఇంకోదాన్ని ఇరవై నిమిషాలే. రెండింటికీ సగం భాగం నల్ల అట్టతో మూసి, టేపు మీద సంతకం పెట్టాను. మీ డాబా మీద రెండు నెలలు ఎండలో ఉంచండి. ఇలాంటివే రెండు నా డాబా మీద ఉన్నాయి. కడగడంలో లోపమైతే ఇరవై నిమిషాల పట్టీలో నాలుగూ చెడాలి. రంగులో లోపమైతే రెండు పట్టీల్లోనూ ఆ ఒక్కటే పోవాలి.

నేను మోసం చేశానని మీరనకూడదు. అందుకే మీ డాబా.

జమున


అబిడ్స్,
11-2-2025

జమున గారికి,

పట్టీలు అందాయి. ఈరోజు డాబా మీద, అమ్మ పెట్టిన వడియాల పక్కన పెట్టాను. ఏప్రిల్ 12న విప్పుతాను. ఇది మీ మాట నమ్మి కాదు, మీ నోరు మూయించడానికి.

ముప్పై ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. నన్ను బజారులో కొట్టువాడి ముందు నిలబెట్టి విచారణ చేస్తారా? "పరేషాన్ మనిషి" అన్నాడని నాకే రాసి పంపుతారా? మీకు పని నేర్పిందెవరు? ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో మూడేళ్లు చదివినా జిగురు చిక్కదనం తెలియక కాగితాలు పారేసుకుంటున్న రోజుల్లో నెగెటివ్‌లిచ్చి, చోటిచ్చి చేయించింది నేను. అసలు మీ నాన్నగారు ఆ గోడ మీద ఉన్నది నా కెమెరా వల్ల. లేకపోతే ఆయన ఫోటో అంటూ మీ ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీదది ఒక్కటే.

ఇంకో విషయం. నెగెటివ్‌లు నావి. ట్రస్టువాళ్లు కొత్త సెట్టు అడుగుతున్నారు. వరప్రసాద్ తన ల్యాబులో మిషన్ మీద ఇంక్ ప్రింట్లు తీసిస్తానన్నాడు. ఎండ లేదు, నీళ్లు లేవు, ఇన్ని మాటలూ లేవు. మార్చి నెలాఖరుకు ఇచ్చేయాలనుకుంటున్నాను. తెలియజేయడం మర్యాద కనుక తెలియజేస్తున్నాను.

వంశీధర్


నాంపల్లి,
5 మార్చి 2025

వంశీధర్ గారికి,

ఫిబ్రవరి ఉత్తరానికి ఇరవై రోజులు జవాబు రాయలేదు. రాస్తే చింపాల్సి వచ్చేది. నాలుగు చింపాను.

మీ కెమెరా సంగతి. ఆ రోజు నేను అక్కడే రిఫ్లెక్టర్ పట్టుకుని ఉన్నాను. ప్లాట్‌ఫారం మీద వెలుతురు బాగాలేదని మీరు మా నాన్నను నెత్తి మీద ట్రంకు పెట్టెతో నలభై నిమిషాలు నిలబెట్టారు. ఆయనకు అరవై తొమ్మిదేళ్లు. మధ్యలో ఒక రైలొచ్చి వెళ్లిపోయింది. దాని సామాన్లు వేరేవాళ్లు ఎత్తారు. పెట్టె దింపండి అని నేనంటే నాన్నే వద్దన్నాడు. "ఉండనీ బిడ్డా, సారు పని చెడగొట్టొద్దు." ఆయన మీ పని చెడగొట్టలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి రాస్తున్నాను. మీరు అడగలేదు, మీకు తెలియదు కూడా. కొత్త రంగు ఏది చేతికొచ్చినా ముందు ఒక పట్టీ చేసి కిటికీలో నెల రోజులు పెట్టడం నా అలవాటు. ఆ పొడికి పెట్టలేదు. నీళ్లలో అంత శుభ్రంగా విడిపోయే ఎరుపు అంతకుముందు చూడలేదు. తెల్లచోటు తెల్లగానే ఉండిపోయింది. సంతోషపడ్డాను. ఆ ఫోటోల ప్రదర్శన తేదీ కూడా దగ్గర పడింది. అయితే అసలు కారణం అది కాదు. మీరు "పక్కా" అన్నారు. మీరంటే చాలనుకున్నాను. ఆ పరీక్ష చేసి ఉంటే పది ఫోటోలూ మిగిలేవి. ఈ సంగతి కమలకుమారి గారికి కూడా రాశాను. నా వాటా తప్పు నేను చెప్పుకున్నాను. మీ వాటా మీది.

ట్రస్టుకు ఇంక్ ప్రింట్లు ఇస్తారా, ఇవ్వండి. అయితే వాళ్లకు ఇంకా నా పేరే దోషిగా తెలుసు. కిందటి వారం మరో గ్యాలరీ వాళ్లు, ఇస్తామన్న పని వెనక్కి తీసుకున్నారు. "బెంగళూరులో ఏదో గొడవైందట" అన్నారు. నాకు చేతనైంది ఈ ఒక్క పనే. ఏప్రిల్ 12 దాకా ఆగుతాను. ఆ తర్వాత ఈ ఉత్తరాలన్నీ వరుసగా జిరాక్స్ తీసి ట్రస్టుకు పంపుతాను. మీవి కూడా.

నాన్న ఆ గదికి వెళ్లడం మానేశాడు. మోకాళ్ల నొప్పి అంటున్నాడు. చాదర్‌ఘాట్ దాకా నడిచి వెళ్లి చింతకాయలు కొనుక్కొచ్చాడు. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

జమున


అబిడ్స్,
14-4-2025

జమునా,

శనివారం పొద్దున పట్టీలు విప్పాను. ఒక్కడినే విప్పితే నాకే నమ్మకం ఉండదని నాన్నగారిని పిలిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి చూపిస్తూ చదివారు. "మొదటిది ఉన్నది. రెండోది లేదు. మూడోది ఉన్నది. నాలుగోది సగమే." రెండు పట్టీల్లోనూ అంతే. ఇరవై నిమిషాలు కడిగినదానికి తెల్లచోట్ల లేత మరక ఉంది, అంతే. రంగులకేమీ కాలేదు. నా పొడి ఉన్న చోట, అట్ట కింద సగం ఎర్రగా, బయటి సగం ఉత్త కాగితంలా ఉంది.

"ఈ రెండోది ఏమిట్రా?" అని అడిగారు. "నేను తెచ్చినది" అన్నాను. "మరి ఆ పిల్లకు చెప్పావా?" అన్నారు.

పట్టీలు చెప్పనివి రెండున్నాయి. అవి రాయాలి.

మొదటిది. 2023 వేసవిలో నా సెట్టులోంచి ఒక ఫోటో స్టూడియో షోకేసులో పెట్టాను. జూన్ కల్లా వెలిసిపోయింది. తీసి బీరువాలో పెట్టేశాను. మిగిలిన తొమ్మిదీ బాగున్నాయి కనుక, సెట్టు బాగానే ఉందని నీకు రాశాను. అంటే నాకు ఏడాదిన్నర ముందే తెలుసు. ట్రస్టు సెట్టు అప్పటికే అమ్ముడైంది. చీకటి గదిలో ఉంటుందిలే అనుకున్నాను. ఆపైన చెప్పే సమయం దాటిపోయింది.

రెండోది ఇంకా కష్టం. ట్యూబు అయిపోలేదు. సగం పైన ఉంది. ఆ ఏడాది మేలో మా వాళ్ల సహస్ర చంద్ర దర్శనం, నాన్నగారికి ఎనభై దాటిన వేడుక. అమ్మానాన్నల ఫోటో నా చేత్తో నేనే గమ్ ప్రింట్ చేసి ఇవ్వాలనుకున్నాను. కొత్త ట్యూబు తెప్పించాలంటే రెండు నెలలు పడుతుంది. ఫోటోలో అమ్మ బొట్టు మాయకూడదు. నాన్నగారు ఉండగా అలా జరిగితే అమ్మ తట్టుకోలేదు. అందుకని దాచాను. కూలీల అంగీలకు ఏ ఎరుపైనా ఒకటేలే అనుకున్నాను. ఆ మాట ఇలాగే అనుకున్నాను, అందుకే ఇలాగే రాస్తున్నాను.

అమ్మ బొట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నేను రోజూ దాని ముందు నుంచే మెట్లెక్కుతాను.

వరప్రసాద్‌కు నెగెటివ్‌లు ఇవ్వలేదు. ట్రస్టుకు పంపబోయే ఉత్తరం నకలు దీనితో పెట్టాను. చూసి చెప్పు.

వంశీధర్

(జత చేసిన కాగితం)
అయ్యా, కూలీల చిత్రాల విషయంలో ఎరుపు రంగు ఎంపికలో పొరపాటు జరిగిందని గమనించడమైనది. ప్రింటింగ్ గురించి గతంలో వ్యక్తమైన అభిప్రాయాన్ని ఈ మేరకు సవరించవలసిందిగా మనవి.


నాంపల్లి,
19 ఏప్రిల్ 2025

వంశీధర్ గారికి,

మీ ఉత్తరం చదివి లేచి వెళ్లి పళ్లాలు కడిగాను. మళ్లీ చదివాను. మళ్లీ కడిగాను.

మీ అమ్మ జానకమ్మ గారి మీద నాకు కోపం లేదు. ఆమె బొట్టు చెదరకూడదు. మా నాన్న అంగీ కూడా చెదరకూడదు. నలభై ఒక్క ఏళ్లు ఆయన దాన్ని ఇస్త్రీ చేసుకుని తొడుక్కున్నాడు. వెలిసిన అంగీతో ఒక్కరోజు స్టేషన్‌కు పోలేదు. "ఎర్రగ కొడితెనే రైలు దిగినోడు మనల్ని చూస్తడు" అనేవాడు. మీకు ఏ ఎరుపైనా ఒకటే. ఆయన బతుకంతా ఆ ఒక్క ఎరుపుతో గడిచింది. నన్ను అడిగి ఉంటే రెండు నెలలు ఆగేదాన్ని. ప్రదర్శన ఆగేది. ఆగితే ఏమయ్యేది?

మీరు నాకు రాసిన ఉత్తరంలో "నేను" ఉంది. "దాచాను," "నాకు తెలుసు," "అనుకున్నాను." ట్రస్టుకు రాసిన కాగితంలో ఒక్క "నేను" లేదు. "పొరపాటు జరిగింది" అట. ఎక్కడ జరిగింది? ఎవరు చేస్తే జరిగింది? "గమనించడమైనది." ఎవరు గమనించారు, రెండు నెలలు ఎండలో పట్టీలు పెట్టి? "వ్యక్తమైన అభిప్రాయం." దానంతట అది వ్యక్తమైందా? నా మీద నింద వేసేటప్పుడు మీరు కాగితం వెనక దాక్కున్నారు. తీసేటప్పుడు కూడా దాక్కుంటున్నారు.

నకలు వెనక్కి పంపుతున్నాను. క్రియలన్నిటి కింద పెన్సిల్‌తో గీత గీశాను. "జరిగింది" కొట్టేసి "చేశాను" అని రాయండి. నా పేరు రాయండి. మీకు ఏ నెలలో తెలిసిందో రాయండి. ట్యూబు సంగతి రాయమని అడగను. అది మీ ఇంటి విషయం. నాకు తెలిసింది, చాలు.

జమున


అబిడ్స్,
3-5-2025

జమునా,

నువ్వు గీసిన గీతలు చూస్తే స్కూల్లో కాంపోజిషన్ పుస్తకం గుర్తొచ్చింది. మొదట కోపం వచ్చింది. రెండు రోజులు బల్ల మీద పెట్టాను. కొత్తగా రాసింది ఇది. నిన్న జీపీవోలో రిజిస్టరు పోస్టు చేశాను.

"కూలీల చిత్రాలకు ఎరుపు నేను ఎంచాను. అది ఎండకు నిలుస్తుందో లేదో పరీక్షించకుండా జమునకు ఇచ్చాను. 2023 జూన్‌లో అది వెలిసిపోవడం నేను చూశాను. మీకు గానీ ఆమెకు గానీ చెప్పలేదు. గత డిసెంబరులో మీకు రాసినప్పుడు లోపం ఆమె పనిలో ఉందని అర్థమయ్యేలా కావాలని రాశాను. ఆమె కడగడంలో ఏ లోపమూ లేదు. పట్టీలు జత చేస్తున్నాను."

రాయడానికి ఏడు వాక్యాలే, చేతికి మాత్రం పొద్దంతా పట్టింది.

పది నెగెటివ్‌లు, మిగిలిన ట్యూబు ఈ పార్సెల్‌లో ఉన్నాయి. ట్రస్టుకు, స్టేషన్‌కు నీకు తోచిన ఎరుపుతో చెయ్యి. చేశాక నేను వచ్చి చూడవచ్చా?

వంశీ


నాంపల్లి,
21 మే 2025

వంశీధర్ గారికి,

నెగెటివ్‌లు అందాయి. కమలకుమారి గారు ఫోన్ చేశారు. మీ ఉత్తరం చదివి వినిపించి, క్షమించమన్నారు, కొత్త సెట్టు చేసే పని నాకే ఇచ్చారు. గ్యాలరీ వాళ్లకు తనే చెబుతానన్నారు. చెప్పారో లేదో ఇంకా తెలియదు.

మీ ట్యూబు వాడలేదు. తిప్పి పంపుతున్నాను. ఫిబ్రవరిలో ఆర్డరు పెట్టిన కొత్తది ఏప్రిల్‌లోనే వచ్చింది. దాని నుంచి పట్టీ చేసి నెల రోజులు కిటికీలో పెట్టి చూశాను.

ఎరుపు ఈసారి నాన్న ఎంచాడు. ఎండకు నిలిచిన రెండూ, జాజు, క్వినాక్రిడోన్, ఆయన ముందు పెట్టాను. జాజు పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. "గిది గడపకు పూస్తరు, మనిషికి తొడుగుతరా?" అని పక్కన పెట్టాడు. రెండోదాన్ని గోడకు ఆనించి, గది ఆ చివరికి నడిచి, అక్కడ నుంచి తిరిగి చూశాడు. ఇంకా దూరం కావాలన్నాడు. వరండాలోకి, అక్కడ నుంచి మెట్ల మీదికి వెళ్లాడు. అక్కడ నుంచి అరిచాడు: "కొడ్తుంది బిడ్డా, గిదే."

పోయిన సోమవారం ఏడో నంబరు మూడో పూత కడిగాను. ఎండ బాగుంది, ఆరు నిమిషాలు ఉంచితే చాలింది. నీళ్లలో అంగీ మెల్లగా ఎర్రగా తేలుతుంటే నాన్న పక్కన పీట మీద కూర్చుని చూశాడు. గంటసేపు లేవలేదు. ఆరబెట్టాక దగ్గరికొచ్చి చూసి, "ఔ. గిప్పుడు పిలుస్తరు" అన్నాడు.

నిన్న దాన్ని తనే పట్టుకుని స్టేషన్ గదికి వెళ్లాడు. పాతది దింపి కొత్తది పెట్టాడు. ఈసారి అద్దం ఉంది. కిటికీకి ఎదురుగా లేదు. అంజన్ ఏమన్నాడని అడిగితే నవ్వాడు.

మీరు వచ్చి చూడవచ్చా అని రాశారు. అది నాన్నకు చదివి వినిపించాను. "రమ్మను, సారుకు ఛాయ్ తాపుత" అన్నాడు.

ఆయన రమ్మన్నాడు. నేను అనలేదు. మీరు వచ్చే రోజు ముందుగా చెప్పండి. ఆ రోజు నేను ఆ గదిలో ఉండను.

జమున